ఆగస్టు కోసం పారేసిన ఎనిమిదులు

పేకాటలో నన్ను పిరికిదాన్నంటే ఒప్పుకుంటాను. తెలివితక్కువదాన్నంటే మాత్రం ఊరుకోను. ఆ రెండింటికీ తేడా ఏముందని మా హైదరాబాద్ ఆయన ఇప్పటికీ వాదిస్తుంటాడు. హైదరాబాద్ ఆయన అంటే నా మొగుడనుకునేరు, కాదు. కువైట్‌లో, సబ్హాన్‌లో నేను పనిచేసే రంగుల ఫ్యాక్టరీలో ప్లానింగ్ చూసే మనిషి. మా ఆయన వేరే కంపెనీ, ఆయనకి పేకముక్క పట్టుకోవడమే రాదు. నా పిరికితనం గురించి మాట్లాడే ధైర్యం కూడా లేదు.

ఫ్యాక్టరీలో నేను ల్యాబ్‌లో ఉంటాను. రంగు చిక్కగా ఉందా, గోడకి పట్టుకుంటుందా, నెల తిరక్కుండానే పెచ్చులూడుతుందా, అదీ నా పని. రంగు తయారుచేసేది రాజమండ్రి పెద్దాయన. ఏ రంగు ఎప్పుడు, ఎంత తయారవ్వాలో లెక్కవేసేది హైదరాబాద్ ఆయన. ముగ్గురం ఒకళ్ళ పని ఒకళ్ళు చూసుకోగలం కాబట్టి మా మేనేజరు ఒక రూలు పెట్టాడు. ముగ్గురిలో ఒక్కరే లీవులో ఉండాలి. స్కూళ్ళకి సెలవులిచ్చే రెండు నెలల్లో జులై ఒకరికి, ఆగస్టు ఒకరికి. మూడోవాళ్ళు అక్టోబరు దాకా ఆగాలి. ఎవరు ఆగాలో ఆయన చెప్పడట. మీరు ముగ్గురూ తెలుగువాళ్ళే కదా, మీలో మీరే తేల్చుకోండి, యల్లా, కానివ్వండి అన్నాడు. ఆ ఈజిప్టు మనిషికి తెలుగువాళ్ళు తమలో తాము తేల్చుకోవడం అంటే ఏమిటో తెలియదు పాపం.

అంతకుముందు ఏడాది చీటీలు వేశాం. పెద్దాయన తన చీటీని అందరి చీటీల్లా కాకుండా నాలుగు మడతలు ఎక్కువ పెట్టాడని హైదరాబాద్ ఆయన గొడవ చేశాడు. దానికి ముందు ఏడాది సీనియారిటీ అన్నాం, అప్పుడు నేను గొడవ చేశాను. నాకు కోపం ముక్కు మీదుంటుంది, దాచుకోను. ఈసారి ఏదైనా ఆట ఆడదాం అనుకున్నాం. రమ్మీ అంటే పెద్దాయన ముందు మేమిద్దరం నిలవలేం. క్యారమ్స్ అంటే హైదరాబాద్ ఆయన కాలేజీ ఛాంపియనట, కనీసం ఆయన మాట ప్రకారం. ముగ్గురికీ సమానంగా రాని ఆట ఏదని వెతికితే పోకర్ దొరికింది. హైదరాబాద్ ఆయన ఫోన్లో నేర్చుకున్నాడు. అంటే రానట్టే.

నాకు ఆగస్టే కావాలి. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, ఇక్కడే పెరిగింది, ఇక్కడి ఇండియన్ స్కూల్లో పన్నెండు అయిపోయింది. ఇక్కడ మా అందరి పిల్లలకీ పన్నెండుతో ఈ దేశం అయిపోతుంది. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ సీటు వచ్చింది. ఆగస్టులో హాస్టల్లో చేరాలి. మా ఆయన ప్లాంటు ఆగస్టులోనే ఆపి రిపేర్లు చేస్తారు, ఆయనకి లీవు దొరికే మాటే లేదు. నాకూ దొరక్కపోతే పిల్ల ఒక్కతే విమానమెక్కాలి, అక్కడ మా తమ్ముడు దించుకుని తీసుకెళ్ళి హాస్టల్లో దిగబెడతాడు. మా తమ్ముడు మంచివాడే. కానీ బాత్రూంలో నీళ్ళు వస్తున్నాయో లేదో తిప్పి చూసే రకం కాదు. నా కూతురు మొదటిసారి వేరే ఇంట్లో పడుకునే మంచం మీద దుప్పటి నేనే పరవాలి. అది తప్ప ఆ ఏడాది నాకింకేమీ అక్కర్లేదు.

హైదరాబాద్ ఆయనకి జులై కావాలి. పెద్దాయనకి ఏ నెలైనా ఒకటే, రాజమండ్రిలో మనవడు పుట్టాడు, వాణ్ణి చూడాలి. అంటే ముగ్గురికి రెండు కుర్చీలు. ఎవరూ గెలవనక్కర్లేదు. ముందుగా ఔటయ్యేది మనం కాకపోతే చాలు. అడిగితే పెద్దాయన తన వంతు నాకిచ్చేసి ఉండేవాడు. ఆ సంగతి తెలుసు కాబట్టే అడగలేదు. మనవణ్ణి అడిగి ఎలా పుచ్చుకుంటాం?

ఆట నేర్పింది మా అమ్మాయే. అది ఎక్కడ నేర్చుకుందని అడక్కండి, లెక్కల క్లబ్బులో అంది, నేను నమ్మినట్టు నటించాను. డబ్బాలో ఉన్న రాజ్మా గింజలు బిళ్ళలయ్యాయి. ఆట పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు పంచుతారు. మధ్యలో అందరికీ కలిపి ఐదు ముక్కలు విప్పుతారు, మొదట మూడు, తర్వాత ఒకటి, ఆ తర్వాత ఇంకొకటి. చేతిలోవీ మధ్యలోవీ కలిపి ఎవరికి మంచి ముక్కలు కుదిరితే బిళ్ళలన్నీ వాళ్ళవి. మధ్యలో బిళ్ళలు పెంచుకుంటూ పోవచ్చు, భయమేస్తే ముక్కలు పారెయ్యొచ్చు. కానీ ప్రతి పంపకానికీ ఇద్దరు, వంతులవారీగా, ముక్కలు చూడకముందే కొన్ని బిళ్ళలు పెట్టి తీరాలి. పొద్దుపోయేకొద్దీ అవి పెరుగుతుంటాయి. బిళ్ళలన్నీ అయిపోయినవాడు లేచిపోవాలి.

ఇదంతా ఒక్క సాయంత్రంలో వచ్చేసింది. రానిదల్లా జత సంగతి.

మేము రమ్మీలో పుట్టి పెరిగినవాళ్ళం. మా బెజవాడ పెళ్ళిళ్ళలో విడిదింటి చాపల మీద పిల్లలు నడక నేర్చుకునే వేళకే ముక్కలు సర్దడం నేర్చుకుంటారు. రమ్మీలో రెండు ఎనిమిదులు చేతికొస్తే అదింకా ఏమీ కాదు, సగం సెట్టు. మూడో ఎనిమిది కోసం వాటిని పట్టుకుని కూర్చోవాలి. పోకర్‌లో అలా కాదు, రెండు ఎనిమిదులంటే అప్పటికే ఓ మోస్తరు బలం. ఆ బలం మీద నమ్మకముంటే బిళ్ళలన్నీ ముందుకు తోసెయ్యాలి, లేకపోతే పారెయ్యాలి. మేం రెండూ చెయ్యం. ఎదుటివాడు ఎన్ని బిళ్ళలు పెట్టమంటే అన్ని పెట్టి, మూడోది వస్తుందేమోనని మెడలు సాచి మధ్యలోకి చూస్తుంటాం. నేను మొదటి వారమంతా ఇలాగే రాజ్మా గింజలు పోగొట్టుకున్నాను. మా అమ్మాయి తలకొట్టుకునేది.

పెద్ద జతలతో ఏ బాధా లేదు. ఆసులో రాజులో వస్తే ఎవరైనా ఆడతారు. రెండ్లు, మూళ్ళు వస్తే పారెయ్యడానికి ఎవరికీ ప్రాణం ఉసూరుమనదు. చావంతా మధ్యలో ఉంది, ఏడులు, ఎనిమిదులు, తొమ్మిదులు. పారేద్దామంటే చెయ్యి రాదు, ఆడదామంటే గుండె దడ. అందుకని మా అమ్మాయి నాకు పాఠాలన్నీ వాటిమీదే చెప్పింది. నేను పోపు వేస్తుంటే వంటింట్లోకి వచ్చి రెండు ముక్కలు నా మొహం ముందు పెట్టేది. తొమ్మిదుల జత, ముగ్గురున్నారు, ఒకడి దగ్గర నాలుగు గింజలే మిగిలాయి, ఇంకొకడు తనవన్నీ ముందుకు తోసేశాడు, ఏం చేస్తావు అని అడిగేది. ఆడతాననేదాన్ని. అయితే హైదరాబాద్ అంకుల్ ఊరెళ్తాడు, నువ్వు ఇక్కడే రంగులు కలుపుకుంటావు అనేది. ఈలోగా ఆవాలు మాడిపోయేవి.

ఒకరోజు నేను విసుక్కున్నాను. చేతిలో తొమ్మిదుల జత పెట్టుకుని పారెయ్యమంటావేంటే, నీకు ఆట రాదు అన్నాను. అది స్టవ్ ఆపేసి నన్ను కుర్చీలో కూలేసింది.

"ఆడి గెలిచావనుకో, ఇంకొన్ని గింజలొస్తాయి. వాటితో ఏం చేస్తావ్? రెండో ఆగస్టు ఇవ్వరు కదా అమ్మా. ఓడితే మాత్రం ఉన్న ఒక్క ఆగస్టూ పోతుంది. నాలుగు గింజలవాడు వాడంతట వాడే పోతాడు. నువ్వు చేతులు కట్టుకుని కూర్చో, చాలు."

పదిహేడేళ్ళ పిల్ల అంత తేలిగ్గా చెప్పేసరికి నాకు ముచ్చటేసింది, దాంతోపాటు ఒళ్ళు మండింది కూడా. చేతులు కట్టుకుని కూర్చోవడం నాకు ఏ విషయంలోనూ చేతకాదు.

ఆట రోజు శుక్రవారం. అబూ హలీఫాలో హైదరాబాద్ ఆయన ఫ్లాటు, మా బిల్డింగుకి రెండు వీధులవతల. నమాజు అయ్యాక మా స్టోర్స్ చూసే రాయచోటి భాయి వచ్చాడు. ఆయన కుటుంబం రాయచోటిలోనే ఉంటుంది, చలికాలంలో గానీ వెళ్ళడు కాబట్టి ఎండాకాలం లీవుతో ఆయనకి పేచీ లేదు. పైసా పెట్టని ఆటైనా సరే తను ఆడడట. "నాకు ఆట వద్దు మేడం, పంచేదానికైతే వస్తాను" అని ముందే చెప్పాడు. అంతకన్నా తటస్థుడు మాకు కువైట్‌లో దొరకడు. హైదరాబాద్ ఆయన భార్య బిర్యానీ పెట్టి, మిర్చి బజ్జీలు వేసి, మీ కొట్లాట మీరు చూసుకోండని లోపలికెళ్ళి ఏసీ వేసుకుని పడుకుంది.

హైదరాబాద్ ఆయన ఆడే తీరు ఒకటే. ముక్కలు చూడగానే బిళ్ళలన్నీ ముందుకు తోసేస్తాడు. ప్లానింగ్ డిపార్ట్‌మెంటు మనిషికి ఆ బుద్ధి ఎలా వచ్చిందో నాకు తెలియదు. నేను పారేస్తూ కూర్చున్నాను. మేడం ముక్కలు చూస్తున్నరో కరెంటు బిల్లు చూస్తున్నరో తెలుస్తలేదు అని ఆయన నవ్వుతాడు. నేను పళ్ళు కొరుక్కుని బజ్జీ తింటాను. పెద్దాయన మాత్రం ప్రతి జతకీ మూడో ముక్క కోసం ఆశగా ఎదురుచూస్తూ, ఒక్కొక్క దోసెడుగా బిళ్ళలు పోగొట్టుకుంటూ వచ్చాడు. మూడోది రాకపోతే ప్రతిసారీ ఆశ్చర్యపోయేవాడు. ఆయన్ని చూస్తుంటే నాకు మొదటి వారం నేనే కనిపించాను. చెబుదామని నోటిదాకా వచ్చింది. నోరు కట్టేసుకున్నాను, సిగ్గుగానే ఉంది.

ఎండ కాస్త తగ్గేసరికి పరిస్థితి ఇలా ఉంది. హైదరాబాద్ ఆయన ముందు బిళ్ళల గుట్ట. నా ముందు ఓ మోస్తరు కుప్ప. పెద్దాయన ముందు గుప్పెడు కూడా లేవు, పైగా తర్వాతి పంపకంలో చూడకుండా పెట్టాల్సిన వంతు ఆయనదే, ఉన్నవన్నీ అందులోకే పోతాయి. ఆ పంపకానికి ముందు పంపకంలో నాకు ఎనిమిదుల జత వచ్చింది. ఇస్పేటు ఎనిమిది, ఆటీను ఎనిమిది.

పెద్దాయన తన ముక్కలు పారేశాడు. హైదరాబాద్ ఆయన మీసం సవరించుకుని గుట్ట మొత్తం మధ్యలోకి తోశాడు. నేను ఆడాలంటే నా కుప్పంతా పెట్టాలి. గెలిస్తే ఆ గుట్టలోంచి నా కుప్పంత నాకొస్తుంది. ఓడితే లేచి ఇంటికి పోవడమే.

మా అమ్మాయి వంటింట్లో నన్ను కూర్చోబెట్టి చెప్పిన లెక్క అచ్చంగా ఇదే. ముగ్గురూ అలాగే ఉన్నారు, గుప్పెడు బిళ్ళలవాడు అలాగే ఉన్నాడు, తోసేసినవాడు అలాగే ఉన్నాడు. జవాబు కూడా తెలుసు. తెలిసిన జవాబు రాయడానికి నా చెయ్యి ఎందుకు రావట్లేదో అర్థం కాలేదు. ఎదురుగా మీసం. మధ్యాహ్నం నుంచీ వెక్కిరిస్తున్న మీసం. ఆయన చేతిలో ఏమీ లేదని నాకు తెలుసు, దేవుడు వచ్చి చెప్పినట్టు తెలుసు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి తోసేసి ఆ మొహం ఎలా మాడుతుందో చూడాలని ప్రాణం కొట్టుకుపోయింది. మరోపక్క మంచం, దుప్పటి, నా కూతురు.

"మేడం, గట్ల సోంచాయించుకుంట కూసుంటే చీకటి పడ్తది" అన్నాడు హైదరాబాద్ ఆయన.

నేను ముక్కలు బోర్లించి భాయి వైపు నెట్టాను.

హైదరాబాద్ ఆయన గట్టిగా నవ్వి తన ముక్కలు విప్పి చూపించాడు. ఆసు, ఐదు. జత కూడా కాదు. నా దగ్గర ఏమున్నాయో చెప్పకుండా ఉండాల్సింది, చెప్పేశాను, కోపం. దాంతో పెద్దాయన ఆగలేకపోయాడు. రమ్మీ ఆడేవాళ్ళ జబ్బే అది, ఆట అయిపోయాక కట్టలో తర్వాతి ముక్క ఏమొచ్చుండేదో చూడందే నిద్రపట్టదు. "ఏవండీ, ఒక్కసారి తీసి చూద్దావండీ, మనసాగదండీ" అని భాయిని బతిమాలాడు. వద్దన్నాను. భాయి నా వంకా ఆయన వంకా చూసి, పెద్దాయన ముచ్చట తీర్చడానికి మధ్య ముక్కల్లో మొదటి మూడు విప్పాడు. రెండు, రాజు, కళావరు ఎనిమిది.

మూడో ఎనిమిది. రెండు వారాల పాటు రాజ్మా గింజల మధ్య ఒక్కసారి కూడా రానిది, నేను పారేశాక వచ్చి నవ్వుతోంది. ఇద్దరు మగాళ్ళు సోఫాల మీద పడి నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ సబ్హాన్‌లో టీ వేళకి వినిపిస్తుంటుంది. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చినంత పనైంది. భాయి ఒక్కడే నవ్వలేదు, ముక్కలు దగ్గరికి లాగి కలుపుతూ, "పారేసినంక ఆ ముక్కలు మీవి కావు మేడం. ఖలాస్" అన్నాడు. ఆయన మీద నాకు అప్పటినుంచీ ప్రత్యేకమైన గౌరవం.

తర్వాతి పంపకంలో పెద్దాయన ఉన్న బిళ్ళలన్నీ పెట్టాల్సి వచ్చింది. ముక్కలు పనికిమాలినవి, అయినా గెలిచాడు. గుప్పెడు కాస్తా మూడు గుప్పెళ్ళయింది. ఎనిమిదులు పారేసినందుకు దేవుడు కూడా నన్ను వెక్కిరిస్తున్నాడనిపించింది. ఇంటికెళ్ళి పిల్లకి ఏం చెప్పాలో మాటలు కూడా కూర్చుకోవడం మొదలుపెట్టాను. అయితే ఆ అదృష్టం ఎంతోసేపు నిలవలేదు. కాసేపటికి ఆయనకి ఆరుల జత వచ్చింది, ఉన్నవన్నీ పెట్టాడు. హైదరాబాద్ ఆయన చేతిలో రాజు, తొమ్మిది. చివరి ముక్క దాకా పెద్దాయనే ముందున్నాడు. చివరి ముక్క రాజు.

పెద్దాయన ఆరుల జత వంక చాలాసేపు చూశాడు. "మూడోది రాలేదండి" అన్నాడు ఎవరితోనో చెబుతున్నట్టు. తర్వాత లేచి, నా నెత్తి మీద చెయ్యి పెట్టి, అమ్మాయిని జాగ్రత్తగా దింపి రండమ్మా అన్నాడు. మనవణ్ణి అక్టోబర్లో చూస్తాడట, అప్పటికి వాడు బోర్లాపడుతుంటాడు, ఇంకా బావుంటుందట. అంత మంచి మనిషిని ఓడించడం కన్నా ఆయన చేతిలో ఓడిపోవడం తేలికేమో. ఆ క్షణాన నా సంతోషం సగమైంది.

అయినా మెట్లు దిగేసరికి మిగతా సగం పొంగింది. ఇల్లు చేరేదాకా ఆగలేక దాదాపు పరిగెత్తాను. మా అమ్మాయి తలుపు తీసింది. ఎనిమిదుల సంగతి మొదలుపెట్టి చివరి రాజు దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. నిజంగా పారేశావా అని రెండుసార్లు అడిగింది. దాని కళ్ళు మెరిశాయి, శెభాష్ అని నా వీపు తట్టింది. ఆ తర్వాత, ఆ మెరుపు అలా ఉండగానే, మొహంలో ఏదో కిందకి దిగిపోయింది. నేను తల్లిని, ఆ మాత్రం కనిపెట్టలేనా? ఏమైందంటే ఏమీ లేదంది. ఏమీ లేదన్న మాట నా ఇంట్లో చెల్లదు. కూర్చోబెట్టి అడిగాను.

దాని స్కూలు స్నేహితురాళ్ళు ఇద్దరికి అదే కాలేజీలో, అదే హాస్టల్లో సీట్లొచ్చాయి. ముగ్గురూ ఒకే విమానంలో, పెద్దవాళ్ళెవరూ లేకుండా వెళ్ళాలని మార్చి నుంచీ అనుకుంటున్నారు. ఆ ఇద్దరి అమ్మానాన్నలూ ఒప్పుకున్నారు. నాకు లీవు దొరకదులే, నాతో గొడవ ఎందుకని మా అమ్మాయి నాకు చెప్పలేదు.

నేను అరిచాను. దాపరికమెందుకు, నిజంగానే అరిచాను. నీ కోసం నేను మధ్యాహ్నమంతా ఆ మీసంవాడి మాటలు పడ్డాను, పెద్దాయన మనవణ్ణి లాక్కున్నాను, మూడో ఎనిమిదిని వదులుకున్నాను, నీకేమో నేను రావడమే బరువా అన్నాను. అది ఎదురు చెప్పి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. మా ఆయన లోపలి గదిలో టీవీ సౌండు పెంచాడు, అదీ ఆయన చేసే సాయం.

వంట చేస్తుంటే అప్పుడు తట్టింది. గరిటె పట్టుకునే దాని గదిలోకి వెళ్ళాను. నేను రావడం ఇష్టం లేనప్పుడు తప్పు నేర్పొచ్చు కదా, ప్రతి జతా ఆడమని చెబితే గంటలో ఔటయ్యి వచ్చేదాన్ని కదా అని అడిగాను.

"నువ్వు ఓడిపోవాలనే ఉండింది అమ్మా" అంది. "కానీ నేను తప్పు చెప్పి నువ్వు ఓడితే, అది నేను ఓడించినట్టు కదా."

ఈ పిల్లని నేను పెంచానా, దానంతట అదే పెరిగిందా అని అనుమానమొచ్చింది. కూర అడుగంటింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు నాకు నిద్ర సరిగా లేదు. ఆగస్టు పెద్దాయనకి ఇచ్చేస్తే ఆయనకి మనవడు దొరుకుతాడు, నా కూతురికి కోరిక తీరుతుంది. అందరూ నన్ను దేవతంటారు. నాకేం మిగులుతుంది? రాత్రుళ్ళు ఎనిమిదుల జత లెక్క వేసినట్టు ఇదీ వేశాను. ఎటూ తేలలేదు. ఇది ఆసుల జత కాదు, ధైర్యంగా వెళ్ళిపోవడానికి. మూళ్ళ జతా కాదు, నవ్వుతూ వదిలెయ్యడానికి. చివరికి నిజం ఒప్పుకున్నాను, నేను దేవతని కాను, నాకు వెళ్ళాలని ఉంది. వెళ్తున్నానని పిల్లకి చెప్పాను. సరే అంది, షరతులు పెట్టింది.

విమానంలో ముగ్గురూ ఒక వరుసలో కూర్చుంటారు, నేను ఇంకో వరుసలో. వాళ్ళు తినేది ఏమిటని తొంగిచూడకూడదు. నేను మా తమ్ముడింట్లో ఉండాలి, హాస్టలుకి ఒక్కసారి వచ్చి గంటలో వెళ్ళిపోవాలి. వార్డెన్‌తో మెస్సు గురించి మాట్లాడకూడదు. ఏడవకూడదు. చివరిదానికి తప్ప అన్నిటికీ ఒప్పుకున్నాను. చివరిదానికి ప్రయత్నిస్తానన్నాను.

విమానంలో నా సీటు వాళ్ళ వెనక చాలా వరుసలవతల పడింది. పక్కన మిష్రిఫ్‌లో ఎవరింట్లోనో వంట చేసే కడప ఆవిడ కూర్చుంది, ఆమె తన మామా, అంటే ఆ ఇంటి యజమానురాలి గురించి కబుర్లు చెబుతుంటే నేను ఊకొడుతూ ముందు వరుసల్లోకి మెడ సాచి చూస్తూ కూర్చున్నాను. ముగ్గురి తలలూ కలిసి ఊగుతున్నాయి. ఎందుకు నవ్వుతున్నారో తెలియలేదు. తెలుసుకోవడానికి బాత్రూంకి వెళ్ళే నెపంతో రెండుసార్లు అటు నడిచాను. రెండోసారి మా అమ్మాయి కళ్ళతోనే నన్ను వెనక్కి పంపేసింది.

మర్నాడు హాస్టలు. గదిలో నాలుగు మంచాలు. కువైట్ పిల్లలు ముగ్గురు, నాలుగో అమ్మాయి నిజామాబాద్ నుంచి, వాళ్ళవాళ్ళు పొద్దున్నే దింపి వెళ్ళిపోయారట. పెద్దదాన్ని నేనొక్కదాన్నే. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మా అమ్మాయి దుప్పటి నా చేతికివ్వలేదు, గడియారం వంక రెండుసార్లు చూసింది. మిగతా ఇద్దరు పిల్లలూ ఆంటీ ఆంటీ అంటూనే నన్ను తప్పించుకుంటూ సామాను సర్దుకుంటున్నారు. బాత్రూంలోకి వెళ్ళి కొళాయి తిప్పాను. నీళ్ళొచ్చాయి. ఇంక నాకు అక్కడ పనేమీ లేదు. ఇంత దూరం ఇందుకా వచ్చాను అనిపించి మనసు చివుక్కుమంది.

నిజామాబాద్ అమ్మాయి మా అమ్మాయిని అడిగింది, మీ ముగ్గురికీ కలిపి ఒక్క ఆంటీయే వచ్చిందా అని. నేను తల దించుకున్నాను. ఇప్పుడు నా కూతురు ఏదో ఒక సాకు చెబుతుంది, ఊళ్ళో పనుండి వచ్చింది, ఇలా చూసి పోతుంది అని.

"మా అమ్మ" అంది. "పేకాడి లీవు గెలుచుకుని వచ్చింది."

అని ఊరుకోలేదు. మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని మొత్తం కథ చెప్పింది, మీసం సవరించుకోవడంతో సహా. హైదరాబాద్ ఆయన బిళ్ళలు తోసిన తీరు చేత్తో చూపించింది. మూడో ఎనిమిది దగ్గరికొచ్చేసరికి ముగ్గురు పిల్లలూ అయ్యో అన్నారు. నేను ఎప్పుడు చెప్పినా ఆ కథలో నేను వెర్రిదాన్నే. ఇది చెబుతుంటే అందులో నేను వేరే ఎవరో.

"మంచిగ జత చేతిల ఉంటే ఎందుకు పారేసిన్రు ఆంటీ?" అని అడిగింది నిజామాబాద్ అమ్మాయి.

ఆ లెక్క నాకంటే మా అమ్మాయికే బాగా వచ్చు. రెండు కుర్చీలు, ముగ్గురు మనుషులు, గుప్పెడు బిళ్ళలవాడు, అంతా గడగడా చెప్పెయ్యగలదు. కానీ జవాబు నాకు వదిలేసి నా వంక చూసింది. నేనూ లెక్కే చెబుదామని నోరు తెరిచాను, ఒక్క ముక్కా గుర్తురాలేదు.

"ఇక్కడికి రావాలని" అన్నాను.

ఆ పిల్లకి ఏమీ అర్థం కాలేదు, అయినా తలూపింది. మా అమ్మాయి అటు తిరిగి అప్పటికే సర్దేసిన పుస్తకాలు మళ్ళీ సర్దడం మొదలుపెట్టింది. గంట అయిపోయింది. నాది మాటంటే మాటే, బ్యాగు భుజానికి తగిలించుకుని లేచాను.

"ఇంకాసేపు ఉండమ్మా" అంది, ఇటు తిరక్కుండానే.

బ్యాగు కింద పెట్టి దాని మంచం మీద కూర్చున్నాను.